లూటన్‌తో మా సిమ్ లీగ్ సీజన్: ఆధిక్యం వచ్చాక ఎందుకు నిలబడలేకపోయాం?

ప్రశ్న: హ్యాటర్స్ అభిమాని

సభ్యులందరికీ నమస్కారం. హైదరాబాద్, విశాఖపట్నం, డాలస్, మెల్‌బోర్న్ నగరాల్లో స్థిరపడిన మా మిత్రబృందం, క్లబ్బును నడిపే కంప్యూటర్ ఆట ఫుట్‌బాల్ మేనేజర్ 2024లో, ఒకే నెట్‌వర్క్ సేవ్ (అందరూ ఆన్‌లైన్‌లో కలిసి కొనసాగించే ఆట) మీద ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ఆడుతోంది. జట్ల కోసం చీటీలు వేసుకున్నప్పుడు నాకు లూటన్ టౌన్ (ముద్దుపేరు హ్యాటర్స్) వచ్చింది. మిత్రులెవరూ తీసుకోని జట్లను కంప్యూటరే నడుపుతుంది. మొదటి సీజన్ మొన్ననే ముగిసింది. మేము 18వ స్థానంలో నిలిచి, 17వ స్థానంలో ఉన్న జట్టు కంటే ఒకే ఒక్క పాయింటు వెనకబడి, రెండో డివిజన్ అయిన ఛాంపియన్‌షిప్‌కు దిగిపోయాం. దిగిపోయామన్న బాధ కంటే ఎలా దిగిపోయామో అంతుపట్టకపోవడమే నన్ను ఎక్కువగా తొలుస్తోంది కాబట్టి, అనుభవజ్ఞులైన మీ ముందు విషయమంతా పెడుతున్నాను.

లూటన్ గురించి అంతగా తెలియనివారి కోసం కొంత నేపథ్యం చెబుతాను. 2008-09 సీజన్‌ను 30 పాయింట్ల కోతతో మొదలుపెట్టి, ఆ ఏడాదే ఫుట్‌బాల్ లీగ్ నుంచి బయటికి పోయిన ఈ క్లబ్బు, 2014లో తిరిగి నాలుగో అంచె అయిన లీగ్ టూలోకి వచ్చి, మెట్టు మెట్టుగా ఎక్కుతూ, 2023 మే 27న వెంబ్లీలో కొవెంట్రీ సిటీని పెనాల్టీల్లో 6-5తో ఓడించి ప్రీమియర్ లీగ్‌లో అడుగుపెట్టింది. సొంత మైదానమైన కెనిల్‌వర్త్ రోడ్‌లో సుమారు పన్నెండు వేల మందికి మించి పట్టరు. బయటి జట్ల అభిమానులు ఇళ్ల వరుస మధ్యలో తెరిచిన గేటులోంచి దూరి, జనం పెరళ్ల మీదుగా కట్టిన మెట్లెక్కి స్టాండులోకి చేరుకోవాలి. ఆటలో కూడా క్లబ్బు స్తోమత ఆ మేరకే ఉంటుంది. బదిలీలకు దక్కే సొమ్ముతో ఒక పేరున్న డిఫెండర్‌ను కొనడమే గగనం.

మా అమరిక 3-4-1-2. ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లు, ఇరువైపులా ముందుకు దూసుకుపోయే వింగ్‌బ్యాక్‌లు (అంచుల్లో ఆడే డిఫెండర్లు), మధ్యలో ఇద్దరు శ్రామికులు, వారి ముందు ఒక అటాకింగ్ మిడ్‌ఫీల్డర్, చిట్టచివర ఎత్తయిన టార్గెట్ ఫార్వర్డ్, అతనికి తోడుగా ప్రత్యర్థి డిఫెండర్లను ఊపిరి తీసుకోనివ్వని ప్రెసింగ్ ఫార్వర్డ్. ఎడమ వైపు నుంచి క్రాస్‌లు (అంచు నుంచి గోల్ ముందుకు పంపే బంతులు), కార్నర్లు, పొడవాటి త్రో-ఇన్‌లు మా ప్రధాన ఆయుధాలు. డిసెంబరు ముగిసేసరికి మేము పట్టికలో సగానికి దగ్గరగా ఉన్నాం. పత్రికల అంచనాలో చివరి స్థానం దక్కిన జట్టు అక్కడ ఉండటం చూసి మిత్రులు ఈర్ష్యపడ్డారు కూడా.

జనవరి తరువాత అంతా తలకిందులైంది. విచిత్రమేమిటంటే, ఆ రెండో సగంలో కూడా మేము చాలా మ్యాచుల్లో ముందు గోల్ చేశాం. బ్రెంట్‌ఫర్డ్ మీద సొంతగడ్డపై 2-0 ఆధిక్యంలో ఉండగా, 70వ నిమిషంలో మెంటాలిటీని (జట్టు ఎంత దూకుడుగా ఆడాలన్న ఆదేశాన్ని) ‘పాజిటివ్’ నుంచి ‘డిఫెన్సివ్’కు మార్చి, సమయం వృథా చేయమని ఆదేశించాను. అయిదు నిమిషాలు తిరగకముందే ఒక గోల్ ఇచ్చాం, ఇంజూరీ టైమ్‌లో రెండోది ఇచ్చాం. ఫుల్‌హామ్ మీద 1-0తో ఉన్న మ్యాచ్ 86వ నిమిషంలో సమమై, 94వ నిమిషంలో చేజారిపోయింది. ఇవి రెండూ నమూనాలు మాత్రమే. ఆటలోని గణాంకాల తెర అయిన డేటా హబ్‌లో లెక్కలు చూస్తే, ప్రత్యర్థులకు మేము ఇచ్చిన అవకాశాల ఎక్స్‌జీ (అవకాశాల నాణ్యతను బట్టి రావలసిన గోల్స్ అంచనా) మొత్తం కంటే మేము నిజంగా ఇచ్చిన గోల్స్ బాగా ఎక్కువగా ఉన్నాయి.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్లు మ్యాచ్ ఇంజిన్ (మ్యాచ్‌ను నడిపే ప్రోగ్రామ్) మీదకు నెపం నెట్టే ఉద్దేశం నాకు లేదు. అయితే ఇది వ్యూహంలోని లోపమా, ఆటగాళ్ల స్థాయిలోని లోపమా, లేక దురదృష్టమా అన్నది తేలకుండా వచ్చే సీజన్‌కు జట్టును కట్టలేను. వ్యూహమే లోపమైతే అదే ఆటగాళ్లతో కొనసాగవచ్చు, ఆటగాళ్లే లోపమైతే సగం మందిని సాగనంపాలి, దురదృష్టమైతే దేనినీ ముట్టుకోకపోవడమే మేలు. దేన్ని బట్టి తేల్చుకోవాలో దయచేసి చెప్పండి.

సమాధానం: మూడో సెంటర్‌బ్యాక్

మీ సీజన్‌ను అసలు లూటన్ 2023-24 సీజన్ పక్కన పెట్టి చూడమని నా మొదటి సలహా. నిజజీవితంలో మేనేజర్ రాబ్ ఎడ్వర్డ్స్ జట్టు 38 మ్యాచుల్లో 6 గెలిచి, 8 డ్రా చేసుకుని, 24 ఓడిపోయి, 26 పాయింట్లతో సరిగ్గా మీలాగే 18వ స్థానంలో నిలిచింది. చేసిన గోల్స్ 52, ఇచ్చినవి 85. అదే సీజన్‌లో ఎవర్టన్ చేసినవి 40 మాత్రమే, అయినా ఇచ్చినవి 51 కావడంతో 48 పాయింట్లు సంపాదించి, ఆర్థిక నిబంధనల ఉల్లంఘనకు గాను 8 పాయింట్లు కోత పడినా, 40 పాయింట్లతో 15వ స్థానంలో సురక్షితంగా నిలిచింది. పన్నెండు గోల్స్ ఎక్కువ చేసిన జట్టు దిగిపోయింది, తక్కువ చేసిన జట్టు మిగిలింది.

ఆ లూటన్ కూడా చివరి నిమిషాల్లో పాయింట్లు పోగొట్టుకోవడంలో పేరు తెచ్చుకుంది. 2023 నవంబరులో లివర్‌పూల్ మీద 1-0తో ముందుండగా ఇంజూరీ టైమ్‌లో లూయిస్ డియాజ్ సమం చేశాడు. డిసెంబరులో ఆర్సెనల్ మీద ఒక దశలో 3-2తో ముందుండి కూడా, 97వ నిమిషంలో డెక్లన్ రైస్ తలతో కొట్టిన గోల్‌తో 4-3 తేడాతో ఓడింది. 2024 మార్చి 13న బోర్న్‌మత్‌లో విరామానికి 3-0తో ఆధిక్యంలో ఉన్న జట్టు 4-3తో ఓడిపోయింది. ఇన్నిసార్లు జరిగినదాన్ని దురదృష్టం ఖాతాలో వేయడానికి నాకు మనసొప్పదు. ప్రత్యర్థిని మనిషికి మనిషిగా వెంటాడే ఆ తెగువే బ్రైటన్ మీద 4-0 విజయాన్నీ, న్యూకాసిల్‌లో 4-4 డ్రాను తెచ్చిపెట్టింది. వెనక ఖాళీలు వదిలింది కూడా ఆ తెగువే.

మీరు చేసిన పని దీనికి భిన్నం. డెబ్బయ్యో నిమిషం దాకా తెగువతో ఆడి, ఆ తరువాత ఉన్నపళాన దాన్ని తీసేశారు. ఈ ఆటలో మెంటాలిటీ అన్నది ఒక్క మీట కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి. దాన్ని ‘డిఫెన్సివ్’కు దించితే డిఫెన్స్ లైను వెనక్కి జరుగుతుంది, ఒత్తిడి పెట్టే గీత కిందికి దిగుతుంది, పాస్‌ల వేగం తగ్గుతుంది, వింగ్‌బ్యాక్‌లు సెంటర్‌బ్యాక్‌ల పక్కన చేరి అయిదుగురి గోడగా మారతారు. అప్పుడు మీ డిఫెండర్ బంతిని బయటికి కొడితే దాన్ని అందుకోవడానికి టార్గెట్ ఫార్వర్డ్ ఒక్కడే మిగులుతాడు, అతని చుట్టూ ముగ్గురు ప్రత్యర్థులుంటారు. బంతి వెళ్లినంత వేగంగా తిరిగి వస్తుంది. సమయం వృథా చేయమన్న ఆదేశం మీ దగ్గర బంతి ఉన్నప్పుడే పనిచేస్తుంది కదా.

ఆధిక్యం కాపాడుకోవాలంటే మెంటాలిటీని ఒక మెట్టుకు మించి దించకండి. కుడి వింగ్‌బ్యాక్ ఒక్కడి బాధ్యతను ‘అటాక్’ నుంచి ‘డిఫెండ్’కు మార్చండి, అటాకింగ్ మిడ్‌ఫీల్డర్‌ను తీసి బంతిని గుంజుకునే మూడో మిడ్‌ఫీల్డర్‌ను దించండి, రెండో ఫార్వర్డ్‌ను మాత్రం మైదానంలోనే ఉంచండి. ప్రత్యర్థి సెంటర్‌బ్యాక్‌లకు వెనక ఒక భయం ఉంటేనే వారు ముందుకు రావడానికి జంకుతారు.

సమాధానం: డేటాహబ్ దాసు

పై మిత్రుడు చెప్పినదానిలో మెంటాలిటీ వివరణ సబబుగానే ఉంది. అయితే అసలు లూటన్‌తో పోలికను అంత దూరం లాగడం నాకు నచ్చలేదు. ఆ జట్టు సీజన్ పొడవునా గోల్స్ ఇచ్చింది. మీ సీజన్ మాత్రం నడుమకు విరిగింది. మొదటి సగంలో కూడా మీరు ఆధిక్యంలో ఉన్నప్పుడు ఇదే మార్పు చేసి ఉంటే, అప్పుడు నిలిచిన గోడ తరువాత ఎందుకు కూలిందన్నదే అసలు ప్రశ్న అవుతుంది.

దానికి నాకు మూడు కారణాలు తోస్తున్నాయి, వాటిలో మొదటిదానిమీద ఎక్కువసేపు నిలుస్తాను. ప్రీమియర్ లీగ్‌లో అయిదుగురు సబ్‌స్టిట్యూట్‌లను దించవచ్చు. పెద్ద క్లబ్బులకు ఈ నియమం వరం, చిన్న క్లబ్బులకు శాపం. 75వ నిమిషంలో ప్రత్యర్థి అలసిన మీ వింగ్‌బ్యాక్ మీదకు తాజా వింగర్‌ను వదులుతాడు. మీ బెంచీ మీద ఉన్నవాడు మైదానంలో అలసిపోయినవాడి కంటే బలహీనుడైతే, మీరు మార్పు చేసినా నష్టమే, చేయకపోయినా నష్టమే. మ్యాచ్ తెరలో ఆటగాడి పేరు పక్కన ఉండే గుండె గుర్తు రంగు మారుతుంటే మీరు ఎప్పుడు స్పందించారో చూసుకోండి. పండుగల వారాల్లో మూడు నాలుగు రోజులకొక మ్యాచ్ ఆడిన జట్టులో, అందులోనూ నిరంతరం ప్రెసింగ్ చేసే జట్టులో, జనవరికి ఆ గుర్తు ఆట మొదలయ్యేటప్పటికే పూర్తి ఆకుపచ్చగా ఉండదు. అలసిన డిఫెండర్ పరుగు మాత్రమే తగ్గదు, బంతి ఎటు పడుతుందో పసిగట్టడం, సరైన నిర్ణయం తీసుకోవడం కూడా దెబ్బతింటాయి. 1 నుంచి 20 వరకు ఉండే గుణాల్లో మీ ముగ్గురు సెంటర్‌బ్యాక్‌ల ‘కాన్సన్‌ట్రేషన్’ ఎంతుందో ఒకసారి చూడండి. తొమ్మిది, పది ఉన్నవారిని చివరి పావుగంట పెనాల్టీ పెట్టె ముందు నిలబెడితే, ఎత్తూ బలమూ ఎంత ఉన్నా ఏదో ఒక క్షణంలో మనిషిని వదిలేస్తారు.

రెండోది, మీ గెలుపే మీకు తెచ్చిన చిక్కు. ఆగస్టులో మిమ్మల్ని చిన్నచూపు చూసి ముందుకు వచ్చిన కంప్యూటర్ కోచ్‌లు, మీరు పట్టికలో పైకి వచ్చాక జాగ్రత్తపడతారు. వెనక ఖాళీలు దొరకక మీ ప్రెసింగ్ ఫార్వర్డ్ ఆకలితో అలమటిస్తాడు, రెండో గోల్ రాదు, 1-0 ఆధిక్యంతో చివరి పావుగంటలోకి అడుగుపెట్టాల్సిన మ్యాచులు పెరుగుతాయి. మూడోది సెట్‌పీస్‌లు (కార్నర్లు, ఫ్రీకిక్‌ల వంటివి). ఆట 2024 కూర్పులో సెట్‌పీస్ కోచ్‌ను నియమించుకునే వీలు కొత్తగా వచ్చింది. కార్నర్లు కొట్టడంలో మీ శ్రద్ధ కనిపిస్తోంది, కార్నర్లను ఎదుర్కొనే అమరిక ఎలా ఉందో మీరు చెప్పలేదు.

ఎక్స్‌జీ గురించి ఒక హెచ్చరిక. ఒక సీజన్ మొత్తంలో ఎక్స్‌జీకీ అసలు గోల్స్‌కూ మధ్య కొంత తేడా రావడం సహజమే, దాన్ని చూసి వెంటనే దురదృష్టమని గానీ, గోల్‌కీపర్ పనికిరాడని గానీ తీర్మానించకూడదు. మ్యాచ్ మొత్తం లెక్కను పక్కన పెట్టి, మీరు ఆధిక్యంలో ఉన్న సమయంలో ఇచ్చిన అవకాశాలను మాత్రమే విడదీసి చూడండి. అక్కడ పెద్ద అవకాశాలు గుట్టలుగా ఉంటే మీ గోల్‌కీపర్ నిర్దోషి.

హ్యాటర్స్ అభిమాని:

ఇద్దరికీ కృతజ్ఞతలు. దాసు గారు చెప్పినట్లు ఆధిక్యంలో ఉన్న సమయాన్ని మాత్రమే విడదీసి చూశాను. షాట్ల సంఖ్య కంటే అవి ఎక్కడి నుంచి వచ్చాయన్నది ఆశ్చర్యం కలిగించింది. ఎక్కువ భాగం మా కుడి వైపు నుంచి వచ్చిన క్రాస్‌లకు దూరపు స్తంభం దగ్గర తలతో కొట్టినవే. అంటే మా కుడి వింగ్‌బ్యాక్ క్రాస్‌ను ఆపలేకపోయాడు, ఎడమ వింగ్‌బ్యాక్ తన వెనక నుంచి వచ్చిన మనిషిని చూడలేకపోయాడు. సెంటర్‌బ్యాక్‌ల ‘కాన్సన్‌ట్రేషన్’ మరీ అంత తక్కువగా ఏమీ లేదు, ఇద్దరికి 13 ఉంది. కార్నర్ల మీద ఇచ్చిన గోల్స్ కూడా లీగ్‌లో మిగతా జట్ల కంటే ఎక్కువేమీ కావు.

మొదటి సగంలో కూడా ఇదే మార్పు చేశానా అన్న ప్రశ్నకు సమాధానం: చేశాను, అప్పుడు చాలావరకు నిలబడ్డాం. కాబట్టి మెంటాలిటీ ఒక్కటే కారణమంటే ఒప్పుకోవడం కష్టంగా ఉంది. జనవరిలో మారిన విషయం ఇంకొకటి ఉంది. మా మధ్యవరుసలోని ఒక సీనియర్ ఆటగాడిని, ఒప్పందం ముగియడానికి ఆరు నెలలే మిగిలి ఉండటంతో, దొరికిన ధరకు అమ్మేశాను. అతను ఆరంభ జట్టులో ప్రతి వారం ఉండేవాడు కాదు. ఆ సొమ్ముతో అతని కంటే వేగవంతుడైన, చిన్న వయసు కుర్రాడిని తెచ్చాను. గుణాల పట్టికలో చూస్తే కొత్తవాడే మెరుగు. క్లబ్బు ఖాతాలు చూసినవారెవరైనా అదే పని చేసేవారని ఇప్పటికీ అనుకుంటున్నాను.

సమాధానం: గచ్చిబౌలి గ్యాలరీ

చివరి పేరాలో మీరు తేలిగ్గా చెప్పిన విషయమే అన్నిటికంటే బరువైనదని నా అభిప్రాయం. అమ్మకానికి ముందు, జట్టులో ఎవరి పలుకుబడి ఎంతో చూపే ‘డైనమిక్స్’ తెరలో ఆ సీనియర్ ఎక్కడ ఉన్నాడో గుర్తు చేసుకోండి. ‘టీమ్ లీడర్ల’ వరుసలో ఉన్నాడా? ఉండి ఉంటే, మైదానంలో అతను ఆడిన నిమిషాల కంటే డ్రెసింగ్ రూమ్‌లో అతని మాటకున్న విలువ ఎక్కువ. అలాంటివాడిని నడి సీజన్‌లో సాగనంపితే, అతని చుట్టూ తిరిగే సామాజిక బృందంలోని కుర్రాళ్లందరి మనోబలం తగ్గుతుంది, జట్టు ఐక్యత సూచీ కిందికి జారుతుంది. వరుసగా గెలుస్తున్నంత కాలం ఆ లోటు పైకి కనిపించదు. ఒక ఆధిక్యం చేజారిన తరువాతి మ్యాచ్‌లో కనిపిస్తుంది, ఆ పై మ్యాచ్‌లో ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

కొత్త కుర్రాడి గుణాలు మెరుగన్నారు. జట్టు వ్యూహంతో, తన స్థానంతో, పాత్రతో అతనికి పరిచయం కుదరడానికి వారాలు పడుతుందన్న సంగతిని గుణాల పట్టిక చూపదు. మ్యాచ్ ముగింపులో ఎవరి మనిషిని ఎవరు పట్టుకోవాలన్నది సరిగ్గా అలాంటి పరిచయం మీదే ఆధారపడి ఉంటుంది. మీ కుడి వింగ్‌బ్యాక్‌కు సాయంగా అటువైపు వెళ్లాల్సిన మిడ్‌ఫీల్డర్ ఈ కొత్తవాడేనా? అయితే క్రాస్‌లు అటు నుంచే వచ్చాయన్న మీ లెక్క నాకేమీ వింతగా అనిపించడం లేదు. దీనికి తోడు ‘కన్సిస్టెన్సీ’, ‘ఇంపార్టెంట్ మ్యాచెస్’ వంటి గుణాలు మన కంటికి కనిపించవు, స్కౌట్‌లు, కోచ్‌లు రాసే నివేదికల్లోని వాక్యాల నుంచి ఊహించుకోవలసిందే. కొనేముందు ఆ నివేదికను చివరిదాకా చదివేవారు అరుదు.

చివరి నిమిషాల గోల్ తినడం ఎలా ఉంటుందో మాకంటే కేరళ బ్లాస్టర్స్ అభిమానులు బాగా చెబుతారు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో జరిగిన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్‌లో 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోల్‌తో ముందుకెళ్లిన ఆ జట్టు, రెండు నిమిషాలు ఓపిక పడితే కప్పు చేతికొచ్చే స్థితిలో, 88వ నిమిషంలో మన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆటగాడు సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన షాట్‌కు గోల్ ఇచ్చింది. పెనాల్టీల్లో హైదరాబాద్ గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపడంతో 3-1తో కప్పు మనకు దక్కింది. తవోరా ఆ మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చినవాడన్నది దాసు గారి బెంచీ వాదానికి బలం చేకూరుస్తుంది, ఆ మాట ఒప్పుకుంటాను.

సమాధానం: విశాఖ వింగర్

నేను కూడా ఈ లీగ్ సభ్యుడినే. ఆ 17వ స్థానంలో నిలిచిన జట్టు నాది కావడం వల్ల నా మాటను ఎంతవరకు నమ్మాలో మీరే నిర్ణయించుకోండి.

అన్నా, ఇంతమంది కంప్యూటర్ కోచ్‌ల గురించి, డ్రెసింగ్ రూమ్ గురించి రాశారు గానీ, మన లీగ్‌లో సగం మంది ప్రత్యర్థులు మనుషులేనన్న సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. మీరు డెబ్బయ్యో నిమిషంలో జట్టును వెనక్కి లాగుతారని సంక్రాంతి నాటికే మా అందరికీ తెలిసిపోయింది. కొత్త సంవత్సరంలో మీతో ఆడినప్పుడు నేను ఎత్తయిన స్ట్రైకర్‌నూ, ఇద్దరు వేగమైన వింగర్లనూ కావాలనే బెంచీ మీద దాచుకుని, మీరు లైన్లు దించిన మరుక్షణం ముగ్గురినీ ఒకేసారి దించాను. మీ జట్టు అప్పటికి మా పెట్టె దగ్గరకు రావడం మానేసింది కాబట్టి ఇద్దరు డిఫెండర్లతోనే వెనక సరిపెట్టుకున్నాను. క్రాస్‌లన్నీ మీ కుడి వైపు నుంచి రావడానికి కారణం కూడా చెప్పేస్తాను: ఆ వింగ్‌బ్యాక్‌ను మీరు ఏ మ్యాచ్‌లోనూ మార్చరు. డాలస్‌లోని మన మిత్రుడు కూడా ఇదే పద్ధతి పాటించాడు. ఆట ముగిశాక కాల్‌లో మీరు ఇంజూరీ టైమ్‌ను తిట్టుకుంటుంటే మేమిద్దరం మాట్లాడకుండా ఊరుకున్నాం.

కంప్యూటర్ జట్ల మీద మీరు పోగొట్టుకున్న పాయింట్లకు నా దగ్గర సమాధానం లేదు. మనుషుల మీద పోగొట్టుకున్నవాటికి మాత్రం ఇదే సమాధానం, దిగిపోవడానికి ఆ తేడా చాలు.

సమాధానం: మూడో సెంటర్‌బ్యాక్

విశాఖ మిత్రుడి మాట తరువాత మొదటి ప్రశ్నకు జవాబు చాలావరకు దొరికినట్లే. ఇక వచ్చే సీజన్ సంగతి. సగం జట్టును సాగనంపాలా అని అడిగారు. తొందరపడకండి, అలాగని ఉన్నవారినే నమ్ముకుని కూర్చోకండి కూడా. నిజజీవితంలో లూటన్ 2024-25 ఛాంపియన్‌షిప్‌లో చాలావరకు అదే జట్టుతో బరిలోకి దిగి, జనవరిలో మేనేజర్‌ను మార్చి, చివరి రోజున వెస్ట్ బ్రామ్విచ్‌లో 5-3తో ఓడి, 49 పాయింట్లతో 22వ స్థానంలో నిలిచి మూడో అంచె అయిన లీగ్ వన్‌కు దిగిపోయింది. అవే 49 పాయింట్లున్న హల్ సిటీ గోల్ తేడాతో బయటపడింది. మీ జట్టులో ప్రీమియర్ లీగ్ స్థాయి ఆటగాళ్లు నలుగురైదుగురు ఉన్నారన్న ధీమాతో ఆ డివిజన్‌ను తేలిగ్గా తీసుకోవద్దని ఈ ఉదాహరణ చెబుతున్నాను.

ఛాంపియన్‌షిప్‌లో 24 జట్లు, 46 మ్యాచులు. శనివారం ఒకటి, మంగళవారం ఒకటి చొప్పున నెలల తరబడి సాగే ఆ సీజన్‌లో మీ ప్రెసింగ్ యథాతథంగా నడవదు. మన ఆటలోని నిబంధనల ప్రకారం మొదటి ఇద్దరు నేరుగా పైకి వెళతారు, మూడు నుంచి ఆరో స్థానం దాకా ఉన్నవారు ప్లేఆఫ్ ఆడతారు. కాబట్టి మీకు కావలసింది పదకొండు మంది మేటి ఆటగాళ్ల కంటే, పద్దెనిమిది మంది దాదాపు సమానమైన ఆటగాళ్లు.

సొమ్ము విషయంలో మీరు మరీ నిరుపేదలేమీ కారు. దిగిపోయిన జట్లకు ప్రసార ఆదాయంలోంచి పారాచూట్ చెల్లింపులు అందుతాయి. మొదటి ఏడాది, ప్రీమియర్ లీగ్ జట్లన్నిటికీ సమానంగా దక్కే వాటాలో 55 శాతం, రెండో ఏడాది 45 శాతం, మూడో ఏడాది 20 శాతం. ఒకే సీజన్ ఆడి దిగిపోయిన లూటన్ లాంటి జట్టుకు మూడో ఏడాది వాటా రాదు. అంటే రెండేళ్లలో పైకి ఎక్కకపోతే ఆ తరువాత జీతాలకే కటకటలాడాల్సి వస్తుంది. ఎవరిని అమ్మాలన్నది గుణాల పట్టిక చూసి కాకుండా, ఒప్పందాలు చూసి నిర్ణయించండి. డివిజన్ మారితే జీతం తగ్గే నిబంధన ఉన్నవారిని ఉంచుకోండి. ఆ నిబంధన లేకుండా ప్రీమియర్ లీగ్ జీతం తీసుకుంటున్నవారికి కొనుగోలుదారులను మీరే ముందుగా వెతకండి. దిగిపోతే ఫలానా ధరకు వదిలేయాలన్న నిబంధన ఎవరి ఒప్పందంలోనైనా ఉంటే, వేసవి మొదటి వారంలోనే ఎవరో ఒకరు వచ్చి తన్నుకుపోతారు, వారి స్థానానికి ఇప్పుడే మనిషిని చూసుకోండి.

సమాధానం: డేటాహబ్ దాసు

ఒక చిన్న జోడింపు. ఈ ఆటలో మూడు వ్యూహాలను ఏకకాలంలో జట్టుకు నేర్పించే వీలుంది. చాలామంది మొదటిదాన్ని నింపి మిగతా రెండింటినీ ఖాళీగా వదిలేస్తారు. మీ ఆధిక్యాన్ని కాపాడే అమరికను రెండో స్థానంలో పెట్టి, ప్రీ-సీజన్ స్నేహపూర్వక మ్యాచుల్లో చివరి అరగంట అదే ఆడించండి. అప్పుడు దానితో జట్టుకు పరిచయం పెరుగుతుంది, మ్యాచ్ మధ్యలో ఉన్నట్టుండి కొత్త పాఠం చెప్పాల్సిన పరిస్థితి రాదు. మూడో స్థానంలో, విశాఖ మిత్రుడి లాంటివారి కోసం, ఆధిక్యంలో ఉండి కూడా మరింత ముందుకు వెళ్లే అమరిక ఒకటి ఉంచుకోండి. మనుషులతో ఆడేటప్పుడు ఏ నిమిషంలో ఏది దించుతారో వారికి తెలియకపోవడం గుణాల పట్టికలో రెండు మూడు అంకెలంత విలువైనది.

హ్యాటర్స్ అభిమాని:

అందరికీ ధన్యవాదాలు. గచ్చిబౌలి గ్యాలరీ గారు అడిగిన రెండు సంగతులూ పాత సేవ్ తెరిచి చూశాను. అమ్మిన సీనియర్ టీమ్ లీడర్ల వరుసలో లేడు, దాని కింది మెట్టులో ఉన్నాడు. అందువల్ల డ్రెసింగ్ రూమ్ వాదాన్ని సగమే అంగీకరిస్తున్నాను. కుడి వైపు సాయానికి వెళ్లాల్సిన మిడ్‌ఫీల్డర్ కొత్త కుర్రాడే అన్నది మాత్రం నిజం. అతన్ని అమ్మను, రెండో డివిజన్‌లో ఒక పూర్తి ప్రీ-సీజన్ శిక్షణ ఇచ్చి చూస్తాను. జీతం తగ్గే నిబంధన జట్టులో ఎక్కువమందికి ఉంది, గోల్‌కీపర్‌కూ టార్గెట్ ఫార్వర్డ్‌కూ లేదు. ఫార్వర్డ్‌ను అమ్మితే మా క్రాస్‌లను అందుకునేవాడే ఉండడు కాబట్టి, ముందుగా గోల్‌కీపర్‌కు కొనుగోలుదారుడిని వెతుకుతున్నాను.

విశాఖ తమ్ముడికి ఒక మాట. వచ్చే సీజన్ మనిద్దరం వేరువేరు డివిజన్లలో ఉన్నా, ఎఫ్‌ఏ కప్ మూడో రౌండ్ నుంచి మీ జట్టు కూడా డ్రాలోకి వస్తుంది. ఈలోగా నా వ్యూహాల తెర చిత్రాలను ఇక్కడ పెట్టమని ఎవరూ అడగవద్దు.